అడిగేవారికి తెలియని ప్రశ్న

"ఇది ఏమిటి?" "ఇది పుస్తకం." "అది ఏమిటి?" "అది కిటికీ."

పరభాష నేర్పే తరగతులలో ఈ ప్రశ్నోత్తరాలు చాలా పాతవి. 1878లో అమెరికాలోని ప్రావిడెన్సు నగరంలో బెర్లిట్జ్ తన బడి తెరచి, విద్యార్థి మాతృభాషను తరగతిలోనికి రానీయకుండా, వస్తువులను చూపి ప్రశ్నలడిగే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. సూత్రాలు వల్లెవేయించి అనువాదాలు చేయించడం కంటె అది ఎంతో మేలే. అయినా అది కిటికీ అని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. తెలిసినవారికి తెలిసినదే చెప్పడాన్ని అప్పజెప్పడం అంటారు గాని సంభాషణ అనరు.

అడిగేవారికి జవాబు నిజంగా తెలియని ప్రశ్న, ఆ పిల్లవాడు మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న తరగతిలో పడినప్పుడే పరభాషకు ప్రాణం వస్తుందని నా అభిప్రాయం. బాలవ్యాకరణం చదివి పండితుడనిపించుకొన్నవాడు ఈ మాట అనడమేమిటని కొందరు మిత్రులకు తోచవచ్చు. వ్యాకరణం మీద గౌరవం ఉండబట్టే అంటున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత కొన్నాళ్ళు న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు, వారాంతంలో అక్కడి పిల్లలకు తెలుగు చెప్పాను. వారికి తెలుగు పేరుకు మాతృభాష, వ్యవహారంలో పరభాష. అక్షరమాల, గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చిన ఎనిమిదేళ్ళ పాప 'క్ష' ముచ్చటగా వ్రాస్తుంది. ఫోనులో అమ్మమ్మ "ఏం తిన్నావమ్మా?" అంటే మాత్రం ఫోను తల్లి చేతికిచ్చి వెళ్ళిపోతుంది. అవతల ఆ పెద్దావిడ మనసు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఒకనాడు ఒక పిల్లవాణ్ణి, నిన్న సాయంత్రం ఏం చేశావని అడిగాను. "మనం సినిమాకు వెళ్ళాం" అన్నాడు. "నన్నెప్పుడు తీసుకువెళ్ళావురా? నాకు చెప్పనే లేదే!" అన్నాను. అందరూ నవ్వారు. "అయ్యో, మేము!" అని వాడే దిద్దుకొన్నాడు. ఆంగ్లంలో రెంటికీ ఒకే మాట. శ్రోతను కలుపుకొన్నది 'మనం', కలుపుకోనిది 'మేము' అని నల్లబల్ల మీద వ్రాసి చెప్పవచ్చు, కాని ఆ నవ్వు నేర్పినంతగా అది నేర్పదు.

ఇంకొక పాప "నాకు బ్రదర్ ఉన్నాడు" అంటే, అన్నా తమ్ముడా అని అడగక తప్పదు. తెలుగు అది తెలుసుకోకుండా ముందుకు సాగనివ్వదు. "నేను ఆకలి" అన్నవాడిని తప్పని ఆపకుండా, "నీకు ఆకలిగా ఉందా? నాకూ ఆకలిగానే ఉంది" అంటే చాలు. వాడి ఆకలి గురించిన మాట గనుక చెవి ఒగ్గి వింటాడు.

ఇది నేను కనిపెట్టినదేమీ కాదు. కాలిఫోర్నియాలో స్పానిషు బోధించిన బ్లెయిన్ రే 1990 దశకంలో ప్రచారంలోకి తెచ్చిన కథాబోధన పద్ధతిలో, పిల్లల సొంత సంగతుల మీద ప్రశ్నలు వేయడం ఒక ముఖ్యాంగం. అర్థమయ్యే మాటలు బెరుకు లేకుండా వింటేనే భాష పట్టుబడుతుందని స్టీఫెన్ క్రాషెన్ 1982 నాటి తన గ్రంథంలో వాదించాడు. మనకు దగ్గరివాడు గిడుగు రామమూర్తి ఉండనే ఉన్నారు. పర్లాకిమిడిలో, రెండు భాషలూ వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకొని, మాట్లాడుతూ ఆ భాష నేర్చి, ఆ తరువాతనే దానికి వ్యాకరణం వ్రాశారు. ఆ వరుస గమనించండి.

అయితే సొంత సంగతులన్నామని ఆరాలు తీయరాదు. "మీ నాన్నగారు నీతో ఏమేం ఆడతారు?" అన్న ప్రశ్న, తండ్రి వేరే ఊళ్ళో వేరుగా ఉంటున్న పసివాడి మీద ఎంత బరువుగా పడుతుందో! కనుక కల్పించి చెప్పే హక్కు పిల్లలకు ముందే ఇవ్వాలి. "మా ఇంట్లో ఏనుగు ఉంది" అంటే ఉండనీయండి. ఏం తింటుంది, ఎక్కడ పడుకొంటుంది, మీ అమ్మ ఏమంటుంది అని అడగండి. క్రియాపదాలు అవే, విభక్తులు అవే; పిల్లవాడి గుట్టు వాడి దగ్గరే ఉంటుంది.

ఇలా కబుర్లు చెబుతూంటే పాఠాలు ఎప్పటికి పూర్తవుతాయని ఒక తల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పాఠాలు కొంత వెనుకబడతాయి, ఆ మాట దాచను. ఇరవైమందిలో ఒకడితో మాట్లాడితే తక్కినవారు దిక్కులు చూడరా అన్నది ఇంకొక ఆక్షేపణ. ఒకడు చెప్పినదాన్ని ఇంకొకరిని అడగాలి. "సినిమాకు ఎవరు వెళ్ళారు? వాడు వెళ్ళాడా, వాళ్ళ అక్క వెళ్ళిందా? తాతగారు కూడా వెళ్ళారా?" వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు మూడూ వచ్చేశాయి, తాతగారికి 'వెళ్ళాడు' అనకూడదని మరొక పిల్ల అందుకొంటుంది. ఇరవై దాటి నలభైమంది అయితే మాత్రం ఇది సాగదు. అలాంటి తరగతిని రెండుగా చేయమని నిర్వాహకులను నిర్మొహమాటంగా అడగవలసిందే.