360 గంటలు ఏమవుతున్నట్టు?

డిగ్రీలో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివించే సింగిల్ మేజర్ విధానం మీద వాదనలు చదివి చదివి విసుగొస్తోంది. హెచ్ఈపీ (చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం) గ్రూపు పోయిందని ఒకరు వాపోతారు, విద్యార్థికి స్వేచ్ఛ వచ్చిందని మరొకరు చంకలు గుద్దుకుంటారు. అర్థశాస్త్రాన్ని మైనర్‌గా తీసుకున్న పిల్లలకు చివరికి ఏం వస్తోందన్నది మాత్రం ఇద్దరికీ పట్టదు.

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, మైనర్‌కు 24. క్రెడిట్‌కు 15 గంటల బోధన చొప్పున 360 గంటలు. ఈ లెక్క ఎవరూ ఎత్తరు. ఎత్తితే ‘మైనరంటే పైపై పరిచయమే కదా’ అన్న సాకు నిలవదు మరి.

గుంటూరు చుట్టుపక్కల ఏదో కాలేజీలో కెమిస్ట్రీ మేజర్, ఎకనామిక్స్ మైనర్ చదివే అమ్మాయిని తీసుకోండి. ధర లేక ఇంట్లోవాళ్లు మిర్చి టిక్కీలను (బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. దానికి అద్దె కట్టాలి, సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తోంది. కొత్త పంట యార్డుకు రాకముందే అమ్మాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా? సప్లయ్ వ్యాకోచత్వం, నిల్వ ఖర్చు, రేపటి ధర మీద అంచనా, మూడూ ఆ ఇంట్లోనే ఉన్నాయి. క్లాసులో ఆ పిల్ల చేసేది ఆర్థికవేత్త మార్షల్ నిర్వచనం రాసుకోవడం, రేఖాపటం గీయడం, ‘వ్యాకోచత్వ రకాలను వివరించుము’ అన్న ప్రశ్నకు గైడు బట్టీ పట్టడం. చాలాచోట్ల మైనర్ అంటే మేజర్ సిలబస్‌లో కొన్ని అధ్యాయాలు కోసేయగా మిగిలిందే. ఇక స్వేచ్ఛ సంగతంటారా, కాలేజీలో ఏ లెక్చరర్ ఉంటే అదే ఆప్షన్!

అధ్యాపకుల కొరత నిజమే, కాదనను. కానీ ఉన్న లెక్చరర్ ఏం చెప్పాలో మార్చడానికి కొత్త పోస్టు అక్కర్లేదు. సిలబస్ ఖరారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక్కసారి గట్టిగా కూర్చుంటే చాలు. మైనర్‌లోని ఆరు పేపర్లలో ఒకదాన్ని పూర్తిగా రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలతోనే నడపొచ్చు. రెవెన్యూ లోటుకూ ద్రవ్యలోటుకూ తేడా ఏమిటి? బడ్జెట్ అంచనాలకూ సవరించిన అంచనాలకూ మధ్య ఏ పద్దు చిక్కిపోయింది? తెచ్చిన అప్పులో ఆస్తులకు వెళ్లిందెంత? ఆ పుస్తకాలకు పైసా ఖర్చు లేదు, ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. గ్రూప్స్ రాద్దామని మైనర్ తీసుకున్నవాళ్లు ఇదే చదువును మళ్లీ కోచింగ్ సెంటర్లో డబ్బు కట్టి కొనుక్కుంటున్నారు. మరి ఆ 360 గంటలు ఎవరికోసం?

ఉన్నత విద్యామండలి పెద్దలు ఒక పని చేయండి. మైనర్ పూర్తిచేసిన విద్యార్థి చేతికి ఈ ఏటి బడ్జెట్ ఇచ్చి, ఏ శాఖకు కోత పడిందో చూపించమనండి. చూపించలేకపోతే తప్పు ఆ విద్యార్థిది కాదు, 360 గంటలు కూర్చోబెట్టి గైడుతో సరిపెట్టినవాళ్లది. అది సరిదిద్దేదాకా పట్టా మీద ‘మైనర్: ఎకనామిక్స్’ అని అచ్చేయడం ఆపండి.