బెంగళూరు వైద్యం - సరిహద్దు పల్లెల అప్రమత్తత

హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు, కుప్పం ప్రాంతాల వారికి పెద్ద జబ్బు అనగానే స్ఫురించేది బెంగళూరు నగరమే. గుండెకు జయదేవ, క్యాన్సరుకు కిద్వాయి, మెదడు నరాల వ్యాధులకు నిమ్హాన్స్, ఉచిత శస్త్రచికిత్సకు వైట్‌ఫీల్డులోని సత్యసాయి ఆసుపత్రి మన పల్లెలకు తరతరాల ఆసరా. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని బెంగళూరు ఆసుపత్రులకు విస్తరించిన పిమ్మట ఈ రాకపోకలు మరింత పెరిగాయి. అయితే ఎంత గొప్ప ఆసుపత్రిలోనైనా పొరపాటుకు తావుంటుందని మనం గుర్తించవలసి ఉన్నది.

ఇది ఎవరినో నిందించుటకు చెప్పే మాట కాదు. ఆసుపత్రులలో చికిత్స పొందే ప్రతి పదిమందిలో ఒకరికి ఏదో ఒక హాని కలుగుతున్నదని, అందులో సగానికి పైగా నివారించదగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందువల్లనే 2019 నుండి ఏటా సెప్టెంబరు 17వ తేదీని రోగి భద్రతా దినంగా పాటిస్తున్నారు.

మాట దగ్గర మొదలయ్యే ముప్పు

కన్నడం, తెలుగు అక్కచెల్లెళ్ల వంటి భాషలు. ఆ పోలికే ఒక్కోసారి ప్రమాదకారి. ఉభయ భాషలూ బోధించే ఉపాధ్యాయునిగా ఒక ఉదాహరణ మనవి చేస్తాను. కన్నడంలో 'తిండి' అంటే ఉదయపు ఫలహారం. మనకు తిండి అంటే భోజనం. "తిండి ఆద మేలె ఒందు మాత్రె" అని నర్సు చెబితే, ఫలహారం తరువాత రోజుకు ఒకే మాత్ర అని అర్థం. మన పల్లె అవ్వకు మాత్రం తిన్న ప్రతిసారీ ఒక మాత్ర అని వినిపించవచ్చు. అది చక్కెర వ్యాధి మాత్ర అయితే ఫలితం ఊహించుకోవచ్చును.

అలాగే కన్నడంలో 'బల' అంటే కుడి. 'బలగాలు' అంటే కుడికాలు. శస్త్రచికిత్సకు ముందు ఈ మాటకు అర్థం తెలియక తల ఊపడం తగదు. బాధ ఉన్న చోటును చేతితో తాకి చూపాలి. శస్త్రచికిత్సకు ముందు రోగి పేరు, కోయవలసిన స్థానం, సమ్మతి సరిచూచుకొనేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల పట్టిక రూపొందించింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలో దానిని పాటించి చూడగా మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి తగ్గినట్లు 2009లో వెల్లడైంది. కావున "మీ పేరేమి?" అని పదేపదే అడిగితే విసుగు చెందరాదు. ఆ ప్రశ్న మన రక్షణ కొరకే.

చీటీ పల్లెకు చేరిన పిదప

అసలు ముప్పు చాలావరకు ఆసుపత్రి గడప దాటిన తరువాతనే ఆరంభమవుతుంది. నూరు కిలోమీటర్ల దూరం వచ్చాక సందేహం కలిగితే అడిగే నాథుడుండడు. అందుచేత చీటీ చదవడం ఇంట్లో ఒక్కరైనా నేర్చుకోవాలి. 1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైనప్పుడు మాత్రమే.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒకసారి వేసుకోవలసినది. దానిని పొరపాటున రోజూ మింగి ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలు పలు దేశాలలో నమోదైనాయి. క్రోసిన్, డోలో అనే రెండు పేర్లలోనూ ఉన్నది పారాసెటమాల్ ఒక్కటే. జ్వరం తగ్గలేదని రెండూ కలిపి అదేపనిగా మింగితే కాలేయం దెబ్బతింటుంది. కనుక పెట్టెపై పెద్ద అక్షరాల పేరు కాక, దాని క్రిందనున్న మందు పేరు చూడాలి.

గుండె కవాటం మార్పిడి జరిగినవారు రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతుంటారు. ఊరికి వచ్చాక నడుము నొప్పి అని వైద్యుడు కానివారి చేత నొప్పి సూది వేయించుకుంటే లోపల రక్తస్రావం కావచ్చును. మూర్ఛ మందులు అయిపోయాయని హఠాత్తుగా మానివేస్తే మూర్ఛలు మరింత తీవ్రంగా తిరగబెడతాయి. ఎక్కడ ఏ వైద్యుని చూచినా వాడుతున్న మందులన్నీ, పడని మందు ఉంటే దాని పేరుతో సహా, ముందు చెప్పవలెను. అన్నీ ఒక సంచిలో వేసుకొని తీసుకుపోవడం మేలు.

చట్టం ఇచ్చిన అండ

వైద్య రికార్డులు కోరిన 72 గంటలలోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి నిర్దేశిస్తున్నది. డిశ్చార్జి పత్రం, పరీక్షల నివేదికలు లేకుండా బస్సెక్కరాదు. రుసుము తీసుకొనే వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోనికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఎవరి వద్దనూ రుసుము తీసుకోని ఆసుపత్రులకు మాత్రం ఇది వర్తించదు. 2019 నాటి కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదును తాము నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. ఇందుకై బెంగళూరు తిరగనక్కరలేదు. గడువు రెండేళ్లు. అయితే రోగి కోలుకోని ప్రతి సందర్భమూ నిర్లక్ష్యం కాదు. వైద్యులపై చేయి చేసుకోవడం నేరం. దానివలన నష్టపోయేది తరువాత వచ్చే రోగియే.

ప్రభుత్వాల బాధ్యత

రోగి ఎంత జాగ్రత్తపడినా తప్పించుకోలేని ప్రమాదాలూ కలవు. 2024 నవంబరులో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ జరిగిన బాలింతలలో ఐదుగురు ఒకరి వెంట ఒకరు మరణించారు. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ద్రావణం నాణ్యతపై అనుమానాలు తలెత్తగా కర్ణాటక ప్రభుత్వం దాని వాడకాన్ని నిలిపివేసి, ఔషధ నియంత్రణాధికారిని సస్పెండు చేసింది. సీసాలోని ద్రావణం మంచిదో కాదో ఏ తల్లి పరీక్షించగలదు? ఆ భారం ప్రభుత్వానిదే. అలాగే మన రోగులకు పథకం క్రింద డబ్బు చెల్లిస్తున్న రాష్ట్ర ప్రభుత్వం, మందులు వాడే విధానాన్ని తెలుగులో వ్రాసి ఇవ్వాలన్న షరతును కూడ ఆ ఆసుపత్రులకు విధించవచ్చును. పెద్ద ఖర్చేమీ కాదు, ఒక్క కాగితం చాలు.

అంతవరకు మన బడి పిల్లలే మనకు దుబాసీలు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చదువుకున్న కొడుకునో కూతురునో వెంట తీసుకుపొండు. చెప్పినది తిరిగి మీ నోట అప్పజెప్పి, "ఇంతేనా అమ్మా?" అని నర్సును అడగండి. పాఠం వచ్చినదీ లేనిదీ అప్పజెప్పినప్పుడే తేలుతుంది. వైద్యుని మాటకైనా ఇదే పద్ధతి.