తిరుమల పూలకు టన్నుల్లో లెక్క.. వాటి మీద వాలే తేనెటీగల లెక్కేది?

తిరుమల: కొండ మీద పూలన్నీ స్వామివారికే. భక్తులు తలలో పూలు పెట్టుకోకూడదన్న ఆచారం ఇప్పటికీ నడుస్తోంది. కార్తీకంలో పుష్పయాగం జరిగితే ఎన్ని టన్నుల పూలు వాడారో సాయంత్రానికల్లా వార్త వచ్చేస్తుంది. వాడిన పూలతో 2021 నుంచి టీటీడీ అగరబత్తీలూ తయారు చేయిస్తోంది. కానీ అదే కొండ మీద పార్కుల్లో, ఘాట్ రోడ్డు పక్కన పూసే పూల మీద ఎన్ని తేనెటీగలు, తుమ్మెదలు వాలుతున్నాయని అడిగేవాళ్లే తక్కువ.

ఈగల్ని లెక్కపెట్టి ఏం చేస్తామంటారా? ఎర్రచందనం సంగతే చూద్దాం. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, రాష్ట్రంలో అదే మొదటిది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. ఆంధ్రా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు దీని పూతపై చేసిన అధ్యయనం 2002లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. ఎండాకాలంలో విరగబూసే ఈ చెట్టుకు పరాగసంపర్కం చేసేది ప్రధానంగా తేనెటీగలే. అంత పూసినా కాయ కట్టేది మాత్రం కొంతే. స్మగ్లర్ల గొడ్డలి మీద అందరి కళ్లూ ఉన్నాయి, టాస్క్‌ఫోర్స్ కూడా ఉంది. తేనెటీగలు తగ్గితే విత్తనం తగ్గుతుంది. దానికి కాపలా ఎవరు?

కొండ దిగితే మామిడి. చిత్తూరు జిల్లా తోతాపురి రైతు ధర గురించి మాట్లాడతాడు, అది న్యాయమే. మామిడి పూతకు మాత్రం తేనెటీగల కంటే మామూలు ఈగలే ఎక్కువ పనిచేస్తాయి. పూత టైమ్‌లోనే తేనె మంచు పురుగు వస్తుంది. పూలు విచ్చుకున్నాక మందు కొడితే పురుగుతో పాటు ఈ ఈగలూ పోతాయి.

మరి లెక్క ఎలా? బ్రిటన్‌లో 2017 నుంచి జరుగుతున్న సర్వే చాలా సింపుల్. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న పూల చోటు ఎంచుకోవాలి. పది నిమిషాలు కూర్చోవాలి. పూల మీద వాలినవాటిని తేనెటీగ, ఈగ, సీతాకోకచిలుక, పురుగు అని విడదీసి రాసుకోవాలి. అంతే. జాతి పేరు తెలియక్కర్లేదు. జర్మనీలోని క్రెఫెల్డ్‌లో ఔత్సాహికులు ఏళ్ల తరబడి పట్టిన పురుగుల ఆధారంగానే, 27 ఏళ్లలో రక్షిత ప్రాంతాల్లో ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో తేలింది. మొదట్లో వాళ్లనీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

తిరుపతికి ఇలాంటి పని కొత్తేమీ కాదు. ఐసర్ తిరుపతి శాస్త్రవేత్తలు, స్థానిక బర్డ్ వాచర్లు కలిసి పక్షుల అట్లాస్ కోసం ఊరంతా తిరిగారు. పక్షులకు జరిగింది పురుగులకు ఎందుకు జరగదు? ప్రకాశం పార్కులో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్లలో పదిమంది చాలు. శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, నడకదారిలో చిరుతల భయం ఉండనే ఉంది. కాబట్టి పార్కులే మేలు. కొండ తేనెటీగల పట్టు కనిపిస్తే మాత్రం లెక్క మానేసి దూరం జరగడం మంచిది!

అసలు విషయం ఇక్కడుంది. తిరుమలలో గతంలో విస్తారంగా నాటిన అకేసియాను తీసేసి స్థానిక జాతుల మొక్కలు పెంచాలన్న ఆలోచన కొన్నేళ్లుగా ఉంది. మంచిదే. కానీ రేపు మొక్కలు మారాక పురుగులు తిరిగొచ్చాయా లేదా అని చెప్పాలంటే ఈరోజు లెక్క చేతిలో ఉండాలి. ఇప్పుడు తీసుకోకపోతే ఆ అవకాశం మళ్లీ రాదు. పార్కుల్లోని లాన్లు, రేకలు ముద్దగా ఉండే హైబ్రిడ్ పూలు కంటికి బాగుంటాయి కానీ తేనెటీగకు వాటిలో దొరికేది తక్కువ. ఏ మడిలో ఎన్ని వాలాయో నమోదైతే తోటమాలికి కూడా ఏం నాటాలో తెలుస్తుంది.

చిక్కులు లేకపోలేదు. జనం అందమైన సీతాకోకచిలుకను ఫొటో తీస్తారు, ఈగను వదిలేస్తారు. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లలో మన ఊరి పేర్లతో వెతికితే చాలాసార్లు దొరకవు. ఒక్క ఆదివారం ఈవెంట్ పెట్టి, సెల్ఫీలు దిగి వదిలేస్తే పనికిరాదు. అదే చోట, అదే వేళకు, నెల నెలా కూర్చోవాలి. మొదలుపెట్టడానికి మామిడి పూత కాలం కంటే మంచి సమయం లేదు.