నెలలు నిండిన బిడ్డపైనా నిఘా ఉండాలి

బీదర్ జిల్లా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ అధికారి గారికి,

37 వారాలు నిండి, చూపులకు పుష్టిగా కనిపించే శిశువుకు ముప్పు లేదన్న నమ్మకం ఆస్పత్రుల్లోనూ ఇళ్లలోనూ బలంగా ఉంది గాని, అది కొంతవరకే నిజం. ఉమ్మనీటి సంచి పగిలి 18 గంటలు దాటాక కాన్పు జరిగినా, నొప్పుల వేళ తల్లికి జ్వరం వచ్చినా, ఒంటినిండా పాకి అవయవాలను దెబ్బతీసే ఇన్‌ఫెక్షన్, అంటే సెప్సిస్, బిడ్డకు సోకే అవకాశం పెరుగుతుంది. గర్భంలోనే విడిచిన తొలి మలం కలిసిన ఉమ్మనీరు ఊపిరితిత్తుల్లో చేరడం, తల్లి మధుమేహం వల్ల పుట్టగానే బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవడం, 24 గంటల్లోపే కామెర్లు కనిపించడం కూడా ఉపేక్షించదగినవి కావు. ముహూర్తం కోసం 39 వారాలకు ముందే చేసే సిజేరియన్ వల్ల శ్వాస ఇబ్బందులు పెరుగుతాయన్నది వైద్యులకు తెలిసిందే. తెలిసీ ముహూర్తానికి తలొగ్గడం సమర్థనీయం కాదు.

ఇలాంటి ముప్పులను ఇంటివద్ద గుర్తించేందుకు ఆస్పత్రి కాన్పు తర్వాత 3వ రోజు నుంచి 42వ రోజు వరకు ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలన్నది జాతీయ కార్యక్రమ నియమం. అయితే బీదర్ సరిహద్దు పల్లెల్లో కాన్పుకు జహీరాబాద్ వైపు పుట్టింటికి వెళ్లిన తల్లి వివరాలు కర్ణాటక, తెలంగాణ రాష్ట్రాల నడుమ జారిపోయే వీలుంది.

కాబట్టి ఆస్పత్రి నుంచి పంపే ముందే ప్రతి బిడ్డ ముప్పు కారణాలను తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలుండే తాయి కార్డుపై రాయించాలనీ, పాలు తాగకపోవడం, మగత, ఒళ్లు చల్లబడటం, ఎగశ్వాస వంటి ప్రమాద సూచనలను కన్నడంతోపాటు తెలుగులోనూ ముద్రించి ఇప్పించాలనీ విన్నపం.