పెత్రమావాస్య బియ్యం ఎవరికి?

భాద్రపద అమావాస్యను హసన్‌పర్తిలోనూ, వరంగల్లు చుట్టుపట్ల ఊళ్లలోనూ పెత్రమావాస్య అంటారు. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పొద్దున మాత్రం చనిపోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు దానమిస్తారు. ఇదంతా వట్టి మూఢనమ్మకమని కొందరు కొట్టివేస్తారు. నేను అలా అనను. పోయినవారిని తలచుకొని ఉన్నవారి కడుపు నింపడం మంచి పనే. అయితే ఆ బియ్యం ఎవరికివ్వాలి? ఈ ప్రశ్నకు జవాబు మీ లెక్కల పుస్తకంలోనే దొరుకుతుంది.

తర్పణం విడిచేటప్పుడు మూడు తరాల పేర్లు చెబుతారు. మరి అంతకు పైన ఎందరున్నారు? మీకు తల్లిదండ్రులు ఇద్దరు. వారి తల్లిదండ్రులు నలుగురు. ఆ పై తరంలో ఎనిమిది మంది. ఇలా తరతరానికి రెట్టింపవుతూ పోతే పదవ తరంలో 1,024 మంది, ఇరవయ్యవ తరంలో 10,48,576 మంది అవుతారు. తరానికి 25 సంవత్సరాల చొప్పున ముప్పై తరాలు వెనక్కి వెళ్లండి. ఓరుగల్లును రుద్రమదేవి ఏలిన 13వ శతాబ్దం వస్తుంది. అక్కడ మీ పెద్దల లెక్క 107 కోట్లు దాటుతుంది! కాని ఆనాటి ప్రపంచ జనాభా అందులో సగం కూడా లేదు.

మరి లెక్క తప్పిందా? తప్పలేదు. వెనక్కి వెళ్లే కొద్దీ ఒకే మనిషి మీకు అనేక దారులలో తాత అవుతాడు. మీకు తాత అయినవాడే పక్కింటివారికీ తాత అవుతాడు.

"మా పెళ్లిళ్లు మా కులంలోనే కదా! ఇతరులతో ఎలా కలుస్తాం?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీ శాస్త్రజ్ఞులతో కలసి భారత ఉపఖండంలోని 73 జనసమూహాల జన్యువులను పరిశీలించారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. సుమారు 4,200 సంవత్సరాల క్రితం నుండి 1,900 సంవత్సరాల క్రితం వరకు ఇక్కడి జనమంతా విస్తారంగా కలసిపోయారని వాటివల్ల తెలిసింది. తమలో తామే పెళ్లాడే కట్టుబాటు ఆ తరువాత బిగిసింది. అంటే కులాల మధ్య గోడలు లేచింది పెద్దలు కలసిపోయిన తరువాతనే!

కనుక ఫలానా కులంవారికి ఇస్తేనే దానం పెద్దలకు ముడుతుందనే మాటకు ఆధారం లేదు. ఆకలితో మీ వాకిట నిలిచిన మనిషి ఎవరైనా మీ పెద్దల సంతానమే. అతనికి ఇచ్చిన సోలెడు బియ్యం మీ తాత మనుమడికి ఇచ్చినట్లే.

ఈసారి పెత్రమావాస్య నాడు రెండు పనులు చేయండి. మీ పై మూడు తరాలలో ఉన్న పద్నాలుగు మంది పేర్లు ఇంట్లో పెద్దవారిని అడిగి రాసుకోండి. దానమిచ్చేటప్పుడు ఎదుటివారి కులం కాక, అవసరం అడగమని మీ ఇంట్లో చెప్పండి.