"ఏమీ లేదు, టెన్షన్ అంతే" అనే ముందు

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

మన హాస్టళ్లలో అన్నిటికీ ఒకటే మాట, టెన్షన్. సప్లీ ఉంటే టెన్షన్. స్కాలర్‌షిప్ పడకపోతే టెన్షన్. గుండె పట్టేసి మంచం మీద కూలబడినా టెన్షనే. ఇవన్నీ ఒకటి కాదు. ఒకటే అనుకోవడం వల్ల మనలో కొంతమంది ఎందుకు మానేశారో ఎవరికీ తెలియకుండానే చదువు మానేసి ఊరికి వెళ్లిపోతున్నారు. నేనూ అలా వెళ్లిపోయి, మళ్లీ వచ్చినవాణ్ణే.

డిగ్రీ రెండో ఏడు. విశాఖలో సిటీ బస్సులో కాలేజీకి వెళ్తున్నాను. ఆ రోజు పరీక్ష లేదు, ఎవరితోనూ గొడవ లేదు, పొద్దున్న కడుపునిండా ఉప్మా కూడా తిన్నాను. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది. ఊపిరి అందట్లేదు. ఒళ్లంతా చెమట. వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోతున్నాయి. పక్కన మనుషులు ఎక్కడో అద్దం వెనకాల ఉన్నట్టు కనబడ్డారు. మనసులో ఒక్కటే, చచ్చిపోతున్నాను, అమ్మకి ఎవరు చెప్తారు? పక్క సీటాయన "ఏటైంది బాబూ" అని దింపి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడికి చేరేసరికి సగం తగ్గిపోయింది. ఈసీజీ తీస్తే బాగుంది. "ఏమీ లేదు, టెన్షన్ అంతే, వెళ్లు" అన్నారు.

ఈసీజీ బాగుండడం మంచి కబురే. కానీ ఏమీ లేకపోతే నాకు వచ్చిందేమిటి? ఆ ప్రశ్నతోనే రూముకి వచ్చాను. మర్నాటి నుంచి బస్సెక్కలేదు. నడిచి వెళ్లాను. తర్వాత నడవడానికీ భయమేసింది, దారిలో పడిపోతే ఎవరు చూస్తారని. అటెండెన్స్ పోయింది. మూటాముల్లె సర్దుకుని ఊరెళ్లిపోయాను.

ఊళ్లో ఇంకో కథ. రెండోసారి అర్ధరాత్రి నిద్రలోంచి లేపి మరీ వచ్చింది. అమ్మ భయపడి గురువుని పిలిచింది. ఆయన మంచివాడే, నా చెయ్యి పట్టుకుని గంటసేపు కూర్చున్నాడు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ తెల్లారేసరికి మా వీధిలో "ఎవరో చిల్లంగి పెట్టారు" అన్న మాట పుట్టింది. సాయంత్రానికి ఒక ముసలాయన పేరు వినబడింది. చిల్లంగి పేరు మీద మన మన్యంలో మనుషుల ప్రాణాలు పోయాయని మీకు నేను చెప్పక్కర్లేదు. నాకొచ్చినదానికి సరైన పేరు ఎవరికీ తెలియకపోవడంతో ఏ పాపం ఎరగని ఒక ముసలాయన వీధిలోకి రావడానికి భయపడ్డాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి మా సీనియర్ అన్న ఒకాయన చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు లాక్కెళ్లాడు. దాన్ని మనవాళ్లు పిచ్చాసుపత్రి అంటారు, నేనూ అనేవాణ్ణి. అక్కడ డాక్టరమ్మ పది నిమిషాలు విని "ఇది పానిక్ అటాక్" అంది. ఆ ఒక్క పేరుతో నాకు సగం బరువు దిగింది.

తేడా ఆవిడ చెప్పినదే, నా మాటల్లో రాస్తున్నాను. దిగులు, ఆందోళన మెల్లగా కమ్ముకుంటాయి. ఒక కారణాన్ని పట్టుకుని ఉంటాయి. రోజుల తరబడి సాగుతాయి. తల బరువు, మెడ పట్టేయడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు. ఫీజు కట్టేస్తేనో రిజల్టు వచ్చేస్తేనో చాలావరకు తగ్గిపోతాయి. పానిక్ అటాక్ ఒక్కసారిగా మీద పడుతుంది, పది నిమిషాల్లోపే తారస్థాయికి వెళ్లి, మామూలుగా అరగంట లోపల దిగిపోతుంది. గుండెదడ, వణుకు, ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి, వికారం, కళ్లు తిరగడం, చచ్చిపోతానేమో పిచ్చెక్కిపోతుందేమో అన్న భయం, ఇలాంటివి నాలుగైనా కలిసి వస్తాయి. కారణం ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. దిగులు రేపటి గురించి, అటాక్ ఈ నిమిషం గురించి. ఎలుగుబంటి ఎదురైతే ఒళ్లు ఎలా సిద్ధమవుతుందో, ఎలుగుబంటి లేకుండానే అలా సిద్ధమైపోతుందన్నమాట. గబగబా ఊపిరి తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. నా వేళ్లు కొంకర్లు పోయింది అందుకే.

ఒక్క అటాక్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. మళ్లీ మళ్లీ వస్తూ, "మళ్లీ వస్తుందేమో" అన్న భయంతో నెల రోజులకు పైగా బస్సు, క్లాసు, సంత మానేస్తుంటే దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. నన్ను ఊరికి పంపింది అటాక్ కాదు, అటాక్ అంటే భయం.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట చెప్తాను. ఈమధ్య మనవాళ్లు ప్రతి దిగులునీ పానిక్ అటాక్ అనేస్తున్నారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేశాక, టీచర్ పోస్టు మీద ఆశతో బీఈడీ చదివిన అన్నలకీ అక్కలకీ నిద్ర పట్టకపోతే అది జబ్బు కాదు. న్యాయమైన ఆందోళన. దానికి మందు బిళ్ల కాదు, ఉద్యోగం. మెస్ బిల్లు రాక వార్డెన్ అన్నం తగ్గిస్తే వచ్చే బాధా అంతే. వాటిని జబ్బు పేరుతో పిలిస్తే అడగాల్సినవాళ్లని అడగడం మానేస్తాం.

రెండో తప్పు ఇంకా ప్రమాదం. మా మేనత్త కూతురికి మెట్ట ఎక్కితే ఆయాసం, దడ. ఫోనులో వీడియోలు చూసి "బావా, నాకూ నీలాగే పానిక్" అంది. ఏఎన్‌ఎం అక్క రక్తం చూస్తే హిమోగ్లోబిన్ ఆరు. రక్తహీనత. మన జనంలో రక్తహీనత ఉంది, సికిల్ సెల్ ఉంది, మలేరియా ఉంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లకి జ్వరం, దగ్గుతో ఛాతీ నొప్పి వస్తే అది ప్రాణం మీదికి వచ్చే విషయం, ఒక్క పూట కూడా ఆగకూడదు. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు పానిక్ అని మనకి మనం తేల్చేసుకోకూడదు. పీహెచ్‌సీలో రక్తం, బీపీ, ఈసీజీ, కుదిరితే థైరాయిడ్ చూపించుకోండి. సికిల్ సెల్ పరీక్ష చేయించుకోకపోతే చేయించుకోండి, 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద ఆ పరీక్ష ఉచితం. నొప్పి చేతికో దవడకో పాకినా, పని చేస్తుంటే వచ్చినా, స్పృహ తప్పినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చెయ్యండి. రోడ్డు లేని ఊరైతే డోలీ కట్టండి, పొద్దున్న చూద్దాం అనుకోవద్దు.

డాక్టర్లు చూసి ఇది పానిక్కే అని చెప్పాక మాత్రం, రూమ్మేట్‌కి అటాక్ వస్తే చుట్టూ మూగొద్దు. "యాక్టింగ్ చేస్తున్నాడు" అనొద్దు. మూతికి కవర్ పెట్టి ఊపిరి తీయించే పాత పద్ధతి వద్దు. పక్కన కూర్చుని, "నేనున్నాను, ఇది దిగిపోతుంది" అని మెల్లగా చెప్పండి. ఊపిరి లోపలికి తీసినదానికన్నా నిదానంగా బయటికి వదలమనండి. మన భాషలో చెప్పండి. కువి అయితే కువి, కోయ అయితే కోయ. ఆ టైములో ఇంగ్లీషు మాటలు బుర్రకెక్కవు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చి ఇవ్వొద్దు, కొన్ని అలవాటైపోతాయి.

నాకు కొన్ని నెలలు మందు వాడారు. దాంతోపాటు ఆవిడ నన్ను మళ్లీ బస్సెక్కించింది. మొదటి వారం ఒక్క స్టాపు. తర్వాత రెండు. దడ వచ్చినా దిగిపోకుండా కూర్చోమంది. ఏడుపొచ్చింది. కూర్చున్నాను.

ఆసుపత్రి దూరమైతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, 2022 నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆశ్రమ పాఠశాలల్లో గోడ మీద మెనూ రాసినట్టే ఈ నంబరూ రాయాలని, వార్డెన్లకీ ఏఎన్‌ఎంలకీ ఈ తేడా నేర్పాలని మనం ఐటీడీఏ పీవో గారికి ఒక వినతిపత్రం ఇద్దాం. నేను రాస్తాను. ప్రతి హాస్టల్ నుంచి ఒకరైనా సంతకం పెట్టాలి. ఈ సోమవారం పాడేరు వస్తున్నాను, బస్సులోనే.