పెట్టుబడి చీరలు - ఒక బట్టల వర్తకుని మనవి

బట్టల దుకాణము పెట్టుకొని బ్రతుకువాడు పెండ్లికి బట్టలు తగ్గించుకొనుడని చెప్పుట పాఠకులకు వింతగా తోచవచ్చును. మెట్రిక్యులేషను ప్యాసయిన నాటినుండి, ఇరువదియేండ్లకు పైగా, గల్లాపెట్టె ముందు కూర్చుండి పెండ్లివారిని చూచుచున్నాను. మెట్లెక్కి వచ్చునప్పుడు వారి ముఖమెట్లుండునో, బిల్లు చేతికందినప్పుడెట్లుండునో రెండును నాకు తెలియును. కనుక ఈ మాట చెప్పవలసినవాడను నేనే యనుకొని వ్రాయుచున్నాను.

మా బరంపురములో తెలుగువారి పెండ్లికి కొను బట్టలు మూడు తెగలు. వధూవరుల పట్టుబట్టలును మధుపర్కములును ఒకటి. ఇంటిల్లిపాది కట్టుకొనునవి రెండవది. బంధువులకు పంచిపెట్టు పెట్టుబడి బట్టలు మూడవది. మధుపర్కములు నూలుబట్టలే, పెండ్లి ఖర్చులో వాని వెల లెక్కకు రాదు, కాని అవి లేనిదే పీటలమీది ముచ్చట తీరదు. పట్టుబట్టల విషయమున నాకు వేరొక చింత గలదు. తరతరముల క్రిందట తెలుగునాట నుండి వచ్చి యిక్కడ నిలిచిన దేరా నేతగాండ్రు నేయు ఫొడాకుంభ అంచు పట్టుచీరకును, మగవారి జోడుకును 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అయినను ముహూర్తము పదిదినములున్నదనగా వచ్చి అడిగినవారికి మగ్గముమీది చీర దొరకదు; ముందుగా చెప్పి నేయించుకొనవలయును. ఆ వ్యవధి చాలక దూరపు పట్టణములకు పరుగెత్తి, రాగితీగ జరీని వెండిజరీ యని నమ్మి కొనితెచ్చుకొన్నవారిని పలువురను చూచితిని. వెండిజరీ చీర చినిగినను కరిగించిన కొంత సొమ్ము చేతికి వచ్చును. రాగిజరీకి ఆ యాశ లేదు.

ఇక అసలు సంగతి మూడవ తెగ. పెట్టుబడి చీర కట్టుకొనుటకు కొనునది కాదు, పెట్టుటకు కొనునది. దుకాణములో ఆ మాట చెప్పియే అడుగుదురు: "పెట్టుబడికి, వంద లోపలివి లేవా, రెండువందల లోపలివి లేవా?" అవి యంత్రముల మీద నేసిన కృత్రిమపు నూలు చీరలు, అధికభాగము సూరతు సరుకు. పుచ్చుకొన్నావిడ మడత విప్పదు. బీరువా అడుగున నుంచి, మరియొక యింట శుభకార్యము రాగానే ఆ చీరకే పసుపు రాచి పంపును. మా వర్తకులు మడత లోపల అసలు ధరను గుప్తాక్షరములతో వ్రాసికొందురు. ఒకసారి ఎవరింటి పెండ్లినుండియో నా భార్యకు వచ్చిన చీర మడత విప్పి చూడగా నా చేతివ్రాతయే కనబడినది. అది రెండేండ్ల క్రిందట నేనమ్మినది. నడుమ ఎన్ని యిండ్లు తిరిగి వచ్చెనో యెరుగను. ఎవ్వరును కట్టని ఆ చీరకు ఒక తండ్రి వెల యిచ్చినాడు. ఆ వెలకు, తెచ్చిన సొమ్మైనచో, వడ్డీయు నిచ్చినాడు.

ఈ మాట నా అనుభవము మీదనే చెప్పుచున్నాను. 2011లో నా చెల్లెలి వివాహము నా చేతిమీద జరిగినది. తండ్రి లేడు; "వాడేమి చేసెను" అను మాట రాకూడదని నూటనలుబది పెట్టుబడి చీరలు, దానికి తగిన పంచెలు, తువ్వాళ్ళు పెట్టితిని. నా దుకాణపు సరుకే గదా యని లెక్క వ్రాయలేదు. భోజనము ఆరువందల మందికని చెప్పి తొమ్మిదివందల విస్తళ్ళు వేసితిని. చివరకు మూడు లక్షలు నూటికి నెలకు రెండురూపాయల వడ్డీకి తేవలసి వచ్చినది. నెలకు ఆరువేలు. అయిదేండ్లకు వడ్డీయే మూడు లక్షల అరువదివేలు. అసలు తీరునప్పటికి నా చెల్లెలి కుమారుడు బడికి పోవుచుండెను. ఆ అయిదేండ్లును దుకాణములో క్రొత్త సరుకు దింపలేకపోతిని. పోయిన ఖాతాదారులు మరల రాలేదు.

కాలము విషయములోనూ ఇదే కథ. మౌఢ్యములు, శూన్యమాసములు పోగా మిగిలిన నాలుగు లగ్నములకే ఊరంతయు ఎగబడును. కల్యాణమండపము, వంటవాడు, పురోహితుడు, మేళము అందరికిని ఆ దినములే కావలయును. చెల్లెలి లగ్నము రాత్రి రెండు దాటిన తరువాత. ఘటిక సమీపించినను పెండ్లికూతురు అలంకరణ గదిలోనే యున్నది. జీలకర్ర బెల్లము పెట్టు క్షణమే సుముహూర్తమని మనమందరము చెప్పుకొందుము గదా; ఆ క్షణము గడిచిన తరువాత పెట్టించితిమి. ఛాయాచిత్రకారుడు చేయి అడ్డు వచ్చినదని మరల పెట్టుమనినాడు, పెట్టినారు! పురోహితుడు వేరొక పెండ్లికి పోవలెనని తొందరపడుచు మంత్రములు కుదించెను. ఇచ్ఛాపురము, సోంపేటల నుండి వచ్చిన పెద్దలు తెల్లవారుజాము రైలు తప్పునని తలంబ్రాలు చూడకుండ స్టేషనుకు పోయిరి. మా మేనత్త పస్తుతో పోయినదని మరునాడు తెలిసినది. తొమ్మిదివందల విస్తళ్ళు వేసిన యింట ఆమెకు ఒక విస్తరి అందలేదు.

పగటి లగ్నము పెట్టించుకొనరాదా? మధ్యాహ్నపు అభిజిల్లగ్నము వివాహమునకు తగదని ఏ సిద్ధాంతియు నాతో చెప్పలేదు. దీపముల అలంకారము కనబడదని మాత్రము కొందరు చెప్పిరి.

నేను కోరునది ఒక్కటే. లగ్నపత్రిక వ్రాయుటకు ముందే ఉభయపక్షములవారును ఒకచోట కూర్చుండి మొత్తము ఖర్చు ఇంత యని, విస్తళ్ళు ఇన్ని యని, లగ్నము ఇన్ని గంటలకని కాగితము మీద వ్రాసికొనవలయును. బట్టల దుకాణము మెట్లు ఆ తరువాతనే ఎక్కవలయును. ఇప్పటి ఆచారము ఇందుకు తలక్రిందులు; మొదట చీరలు కొని, ఆ చీరలకు తగిన మండపము వెదకి, మండపమునకు తగిన అప్పు వెదకుచున్నారు. మన నలుగును హల్దీ యని పేరు మార్చి, దానికై పిల్లలందరికి ఒకే రంగు బట్టలు కొనుట ఈ మధ్య వచ్చినది. ఒక పూట కట్టి విడిచెదరు. నాకు వ్యాపారమే, కాదనను.

కాగితము వ్రాయుట పరువుతక్కువ యనువారొక సంగతి గమనింపవలయును. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. వధూవరుల కిచ్చు కానుకలకు వేర్వేరు పట్టికలు వ్రాసి, వస్తువు, ఉజ్జాయింపు వెల, ఇచ్చినవారి పేరు, బంధుత్వము చూపి, వధూవరులు సంతకము చేయవలెనని 1985లో నియమములు వచ్చినవి. మన పెండ్లిండ్లలో ఆ పట్టిక వ్రాసినవారిని నేను వ్రేళ్ళమీద లెక్కింపగలను. కాని కట్నాలు చదివించునప్పుడు ఎవరు ఎంత వేసిరో పుస్తకము పెట్టి పైసలతో సహా వ్రాసికొందుము!

పెట్టుబడి మానినచో ఆప్యాయత పోవునని పెద్దలందురు. ఆ మాట పూర్తిగా తప్పని నేననజాలను. దూరపు ఊళ్ళలో నున్న ఆడపడుచుకు పుట్టింటి చీర పంపుట మన భాషవలెనే మనలను కలిపి యుంచినది. ఆమెకు తప్పక పెట్టుడు. కట్టుకొను చీర పెట్టుడు. తోబుట్టువులకు నాలుగు మంచి చీరలు పెట్టువాడు నూటనలుబది పనికిరాని చీరలు పెట్టువానికంటె తక్కువవాడు కాడు.

నా పెద్దకుమార్తె వివాహము రాబోవు మాఘమాసములో పగటి లగ్నమునకు నిశ్చయించితిని. విస్తళ్ళు మూడువందలు. వియ్యంకులు కూర్చుండి కాగితము మీద సంతకము చేసిరి. నేననుకొన్నంత కష్టము కాలేదు. పెట్టుబడి చీరలు లేవని మా అక్కగారికి స్వయముగా పోయి చెప్పితిని. మా గంజాము వైపు అప్ప యందుము. మా అప్ప మజ్జిగ యిచ్చినది గాని మాటాడలేదు. రెండునెలలైనది, మా గడప తొక్కలేదు. ఆమెకై దేరావీధిలో ఒక చీర మగ్గమెక్కించితిని. అది దిగగానే నేనే తీసికొని పోయెదను.